రెండు పళ్ళేలు

మన ఇళ్ళల్లో ఏ కష్టానికైనా మొదటి వైద్యం తిండి పెట్టడం. పిల్ల పడి మోకాలు చీరుకుపోయి వచ్చిందా, బెల్లంముక్క. పరీక్ష తప్పిందా, ఇష్టమైన కూర. అత్తవారింటి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిందా, "ముందు రెండు ముద్దలు తినవే, తరవాత మాట్లాడుకుందాం." ఆ 'తరవాత' చాలాసార్లు రానే రాదనుకోండి, అది వేరే సంగతి.

ఈ తిండి ప్రసక్తి ఎందుకంటే, ఈమధ్య రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను. రెండింటి వస్తువూ ఒకటే. పసితనంలో లైంగిక హింసకు గురైన ఆడపిల్ల ఆ దెబ్బ నుంచి ఎలా తేరుకుంటుందన్నది. ఒకటి అమెరికాలోని నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో 1969లో ప్రచురించిన ఆత్మకథ 'ఐ నో వై ద కేజ్డ్ బర్డ్ సింగ్స్'. రెండోది మహేశ్ దత్తానీ ఇంగ్లీషు నాటకం 'థర్టీ డేస్ ఇన్ సెప్టెంబర్', 2001లో రంగస్థలం ఎక్కింది. దేశం వేరు, కాలం వేరు. అయినా రెండింట్లోనూ గాయపడిన పిల్ల ముందు ఒక స్త్రీ పళ్ళెం పెడుతుంది. అడగవలసిన ప్రశ్న ఇద్దరూ అడగరు. కానీ ఒక పళ్ళెం పిల్ల నోరు తెరిపించింది, ఇంకొకటి మూసేసింది. ఈ తేడా ఎక్కడుందో వెతకడమే నా ప్రయత్నం.

ముందు మన దేశపు నాటకం చూద్దాం. బాల్యంలో సొంతవాళ్ళ చేతుల్లోనే ఇలాంటి హింస అనుభవించిన స్త్రీల కోసం 1996 నుంచి పనిచేస్తున్న ఢిల్లీలోని 'రాహీ' సంస్థ రాయించిన నాటకం ఇది. మాలకి ఏ మగవాడితోనూ నెల దాటి స్నేహం నిలవదు. చిన్నప్పుడు ఆమెని పాడుచేసినవాడు సాక్షాత్తూ మేనమామ. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చే ఆ మేనమామే! నాటకం చదివే తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక ముల్లు ఎక్కువే గుచ్చుకుంటుంది. పిల్ల నొప్పితో తల్లి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ తల్లి శాంత ఏం చేసింది? ఆలూ పరాఠాలు చేసి తినిపించింది. తరవాత కృష్ణుడి పటం ముందు కూర్చుంది.

శాంత రాక్షసి కాదు. నాటకం చివర్లో తేలే సంగతి ఏమిటంటే, ఆరేళ్ళ వయసు నుంచి పదేళ్ళపాటు ఆ అన్న చేతిలోనే ఆమె కూడా నలిగిపోయింది. తనకి జరిగినదానికే మాటలు దొరకని మనిషి కూతురికి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది? పరాఠా పెట్టింది. తన దగ్గరున్నది అదే మరి.

ఇంతవరకూ దత్తానీకి నా నమస్కారం. కానీ ముగింపు దగ్గర మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. తల్లి రహస్యం బయటపడగానే, నిన్ను తప్పుపట్టినందుకు క్షమించమ్మా అని మాల తల్లిని వేడుకుంటుంది. చూసేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, నిజమే. అయితే ఒక్క క్షణం ఆలోచించండి. చిన్నప్పుడు కాపాడుకోవలసిన పిల్లని కాపాడలేదు, ఇప్పుడు క్షమాపణ కూడా ఆ పిల్లే అడగాలా? తల్లి కష్టం పెద్దదే. అంతమాత్రాన కూతురి కష్టం చిన్నదైపోదు. కూతుళ్ళు అర్థం చేసుకోవాలి, సర్దుకోవాలి అనే మన పాత అలవాటే ఇక్కడ రచయిత చేత కూడా కలం పట్టించిందేమో అనిపిస్తుంది నాకు.

ఇక మాయా ఏంజెలో. ఎనిమిదేళ్ళ వయసులో తల్లితో కలిసి ఉంటున్న మనిషి ఆమెని చెరిచాడు. కోర్టులో అతనికి ఒక సంవత్సరం ఒక రోజు శిక్ష వేశారు. జైలుకి వెళ్ళకుండానే విడుదలై వచ్చాడు, ఆ వెంటనే ఎవరో చంపేశారు. తన మాట వల్లే మనిషి చచ్చిపోయాడని ఆ పసిది నమ్మింది. నోరు విప్పితే ఇంకెవరు పోతారోనని భయపడి, అన్న బెయిలీతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడటం మానేసింది. ఆ మౌనం దాదాపు ఐదేళ్ళు సాగింది.

ఆ రోజుల్లో స్టాంప్స్ అనే చిన్న ఊళ్ళో మిసెస్ ఫ్లవర్స్ అనే ఆవిడ ఈ పిల్లని ఇంటికి పిలిచింది. బిస్కెట్లు, చల్లటి నిమ్మరసం పెట్టింది. ఏం జరిగిందని అడగలేదు. ఎందుకు మాట్లాడవని నిలదీయనూ లేదు. తనే ఒక నవల తీసి పైకి చదివి వినిపించింది. పుస్తకాలిచ్చి పంపిస్తూ, గట్టిగా చదువు, వచ్చేసారికి ఒక పద్యం నేర్చుకుని వచ్చి చెప్పు అంది. ఆ బిస్కెట్లు ప్రత్యేకంగా తనకోసమే చేశారని తెలిసి ఆ పిల్ల పొంగిపోతుంది. ఎవరి మనవరాలో, ఎవరి చెల్లెలో అయినందుకు కాదు, తను తనయినందుకు!

తేడా ఇక్కడుంది. శాంత పళ్ళెం "ఇది తిని ఊరుకో" అంటుంది. ఫ్లవర్స్ పళ్ళెం "ఇది తిని, ఇష్టమైనప్పుడు మాట్లాడు" అంటుంది. అడగకపోవడం ఒకచోట పరువుకి కాపలా, ఇంకోచోట పిల్లకి నీడ.

జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లో రాసిన గ్రంథంలో ఇలాంటివాళ్ళు తేరుకునే దారికి మూడు మెట్లు చెప్పింది. మొదట, నాకిక భయం లేదు అనే ధీమా. తరవాత జరిగినది గుర్తుచేసుకుని, పోగొట్టుకున్నదాని కోసం ఏడవడం. ఆ తరవాతే మామూలు బతుకులోకి, మనుషుల్లోకి రావడం. ఇవి వరసగా ఎక్కి వెళ్ళిపోయే మెట్లు కావని, మళ్ళీ మళ్ళీ కిందికి దిగవలసి వస్తుందని కూడా ఆవిడే అంది. మాయా విషయంలో మిసెస్ ఫ్లవర్స్ చేసింది మొదటి మెట్టు పని. అదంతా అక్షరాల్లో పెట్టిన పుస్తకం బయటికి వచ్చేసరికి ఆవిడకి నలభై దాటాయి. ఎనిమిదేళ్ళ పిల్ల కథ నలభై ఏళ్ళ స్త్రీ చెప్పింది. నలభైల్లో ఉండి రాసుకునే నాకు ఈ లెక్క దగ్గర చాలాసేపు పేజీ తిరగలేదు. అందుకే, "ఎప్పుడో అయిపోయిందిగా, ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" అనేవాళ్ళకి ఈ పుస్తకమే జవాబు. అది అయిపోలేదు కాబట్టే ఇప్పుడు చెబుతోంది.

ఒక్కమాట మాత్రం కలిపెయ్యకండి. పెద్దయిన స్త్రీ తన గతాన్ని ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. కానీ ఇవాళ ఒక పసిబిడ్డకి ఇలా జరుగుతోందని తెలిస్తే ఎదురుచూడటానికి వీల్లేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చేసినవాడు మేనమామైనా సరే.

ఈ రెండు పుస్తకాలూ చదవండి. దత్తానీ నాటకం పొట్టిదే, ఒక మధ్యాహ్నం చాలు. తిండి పెట్టడం మానమని నేను అనడంలేదు, పెట్టండి. పెట్టాక మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఆ పిల్ల తినడం అయ్యేదాకా పక్కనే కూర్చోండి.