సౌప్తికపర్వము: అశ్వత్థామ పాత్రము

సౌప్తికపర్వమునఁ బ్రధానపాత్రము అశ్వత్థామ. నిద్రించువారిని వధించినవాఁ డగుటచే నాతనిని పుట్టుకతోడనే క్రూరుఁడని నిర్ణయించి కథ ముగించుట తఱచు వాడుక. ఆ నిర్ణయము సులభమే కాని గ్రంథము దాని కనుకూలింపదు. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియై, విరాటపర్వము మొదలుకొని పదునేను పర్వములను తెనిఁగించిన తిక్కన చేతఁ బడిన యీ కథ దుష్టుని చరిత్రము కాదు. యుద్ధము యోధుని నెట్లు మార్చునో తెలుపు చరిత్రము.

పుత్రుఁడు మృతుఁడయ్యెనను మాటను ధర్మరాజు నోట విని ద్రోణుఁ డస్త్రసన్న్యాసము చేసి కూర్చుండఁగా ధృష్టద్యుమ్నుఁ డాతని శిరము ఖండించెను. భీముఁడు గదాయుద్ధనియమము నతిక్రమించి దుర్యోధనుని తొడలు విఱుగఁగొట్టెను. ఈ రెండు గాయములతో నశ్వత్థామ యడవి చేరెను. అచ్చట మఱ్ఱిచెట్టుపై నిద్రించు కాకులను గుడ్లగూబ చంపుట చూచి, దానిని తన కుపదేశముగాఁ గైకొనెను. నిద్రితులను, నిరాయుధులను జంపుట ధర్మము కాదని కృపాచార్యుఁడు వారింపఁగా, అశ్వత్థామ యా మాట తప్పనలేదు. ధర్మమును మున్ను చెఱచినవారు పాండవులేయని బదులు చెప్పెను. విమర్శకుఁడు నిలిచి చూడవలసిన తావిది. ఆతని ధర్మజ్ఞానము నశింపలేదు. ఎదిరి చేసిన దోషము తాను చేయఁబోవు దోషమునకు అనుజ్ఞ యయ్యెను.

ఈ మార్పు ఒక్కనిది కాదు. ధర్మము బోధించిన కృపుఁడే కృతవర్మతోఁ గూడి శిబిరద్వారమున నిలిచి, భయముచేఁ బాఱివచ్చువారిని నఱకెను. శస్త్రముతోనైనఁ జంపుమని ధృష్టద్యుమ్నుఁడు వేఁడినను అశ్వత్థామ కాళ్లతో మర్దించియే చంపెను. ద్రౌపది యైదుగురు కొడుకులును ఆ రాత్రియే హతులైరి. పిదప అశ్వత్థామయు నర్జునుఁడును బ్రహ్మశిరోస్త్రములను బ్రయోగింపఁగా వ్యాసనారదు లడ్డుపడిరి. అర్జునుఁడు తన యస్త్రము నుపసంహరించెను. అశ్వత్థామ యుపసంహరింపలేక దానిని పాండవస్త్రీల గర్భములమీఁదికి మరలించెను. విడుచుటయే కాని వెనుకకుఁ దీసికొనుట చేతఁగాని యీ స్థితియే యాతని పాత్రకు సారము. శిరోమణిని గోలుపోయి, 3000 ఏండ్లు ఒంటరిగాఁ దిరుగుమను కృష్ణశాపమును బొందుట దీనికిఁ దగిన ఫలము.

పాండవుల యుద్ధము ధర్మయుద్ధమే కదా, దానికి నర్థము లేకేల యని యాక్షేపింపవచ్చును. అయిదూళ్లయినను ఈయక దుర్యోధనుఁడు సంధిని ద్రోసిపుచ్చిన మాట నిజము. అది యుద్ధమేల వచ్చెనో చెప్పును. దానివలన నేమి కలిగెనో చెప్పదు. గెలుపు నిశ్చయమైనంతనే కవి కావ్యమును ముగింపలేదు. సౌప్తికము వెంటనే స్త్రీపర్వమును నిలిపి, రణభూమిలో శవములను వెదకు స్త్రీలను జూపెను. కర్ణుఁడు తన యన్నయని యచ్చటనే యెఱిఁగిన ధర్మరాజు రాజ్యమే వలదనెను. గెలిచినవానికిని యుద్ధఫలము రుచింపలేదు.

అట్లని కావ్యము నిరాశతో ముగియదు. అస్త్రమునకు బలియైన గర్భమునుండి పరీక్షిత్తు కృష్ణునిచే జీవితుఁడయ్యెను. అంపశయ్యమీఁది భీష్ముఁడు ధర్మరాజునకుఁ బ్రజాపాలనము నుపదేశించెను. యుద్ధమునకు నర్థ మున్నచో నది రణమునఁ బుట్టినది కాదనియు, మిగిలినవారు తరువాతఁ జేయు పాలనమున సంపాదింపవలసినదనియు భారతకథాక్రమము తెలుపుచున్నది. అశ్వత్థామను జన్మక్రూరునిగాఁ జదివినచో నీ క్రమము తెగిపోవును. విద్యార్థులకు సౌప్తికమును బోధించువారు కృపుని వారింపును, ద్వారమున నాతని ఖడ్గమును ఒక్కచోటఁ జేర్చి చూపుట మేలు.