నోరు మూసిన మొసలి

జూలో మొసళ్ల గుంట దగ్గర నిలబడితే పిల్లలకు నాన్నలు చెప్పే సూత్రం ఒకటి చెవిన పడుతుంది. మూతి సన్నగా సాగి ఉంటే క్రొకడైల్, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఎలిగేటర్. టీవీ చానళ్లు నేర్పిన ఈ లెక్క ఆఫ్రికాలో, అమెరికాలో చాలావరకు నిలుస్తుంది. కృష్ణా నది దగ్గరికొచ్చేసరికి బోల్తా కొడుతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో బతికే మన మొసలి మగ్గర్. దాని ముట్టె పొడవు మొదట్లో ఉండే వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించదు. క్రొకడైల్ జాతులన్నిటిలోకీ వెడల్పు మూతి దీనిదే. సూత్రాన్ని నమ్ముకున్నవాడు దీన్ని ఎలిగేటర్ అనేసి ముందుకు వెళ్లిపోతాడు.

విజయవాడ వాళ్లు దీన్ని తీరిగ్గా చూడాలంటే మాచర్ల వైపు ఎత్తిపోతల ఉంది. కృష్ణలో కలిసే చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకేది అక్కడే, మొసళ్ల పెంపకం జరిగేదీ అక్కడే. వచ్చినవాళ్లు జలపాతం ముందు ఫొటోలు దిగి, మిగిలిన రెండు నిమిషాలు మొసళ్లకు ఇస్తారు. నన్నడిగితే తారుమారు చేయమంటాను. ఒడ్డున పడుకున్న మొసలి ఒంటి వేడి తగ్గించుకోవడానికి చాలాసేపు నోరు తెరుచుకునే ఉంటుంది. అది మూసేదాకా ఆగాలి. అసలు పనితనం అప్పుడు కనిపిస్తుంది.

కింది దవడలో ముందు నుంచి నాలుగో పన్ను పక్కవాటి కంటే పెద్దది. క్రొకడైల్‌కు పై దవడా కింది దవడా ఇంచుమించు ఒకే వెడల్పు కాబట్టి అంత కోరకు లోపల చోటు లేదు. అందుకని పై దవడ అంచు సరిగ్గా ఆ చోట లోపలికి నొక్కుకుపోయి గాడి అయింది. నోరు మూయగానే కోర ఆ గాడిలోకి ఎక్కి బయటికి కనబడుతూ నిలుస్తుంది. ఎలిగేటర్‌లో, దాని దాయాది కేమన్‌లో కట్టుబడి వేరు. అక్కడ పై దవడే వెడల్పు. కింది పళ్లు దాని లోపలికి పోతాయి. నాలుగో పన్ను కోసం పై దవడ ఎముకలో ఒక గుంట ఉంటుంది. వడ్రంగి తొలిచిన బెజ్జంలో కూసం దిగినట్టు పన్ను అందులో దిగి మాయమవుతుంది. బయటి నుంచి చూసేవాడికి పై వరస పళ్లే మిగులుతాయి.

ఈ ఆనవాలులో నాకు నచ్చేది దాని మొండితనం. పోట్లాటలో కోర విరిగినా గాడి ఎక్కడికీ పోదు. విరిగిన పన్ను కింద ఇంకోటి తయారుగా ఉంటుంది కూడా. మగ్గర్ నోట్లో 60కి పైగా పళ్లుంటాయి, అవి బతికినంత కాలం ఊడుతూ మొలుస్తూనే ఉంటాయి, మొలిచిన ప్రతిదీ తన పాత చోటులోనే కుదురుకుంటుంది. బాగా ఎదిగిన కొన్నిటిలో మరీ చిత్రం: కింది దవడ కొసనున్న మొదటి రెండు పళ్లు పై మూతి ఎముకను తొలుచుకుని, ముక్కు ముందు తెల్లటి మొనలుగా పైకి తేలతాయి.

మొసలి నోరు మూస్తేనే గుట్టు తెలుస్తుంది. అమరావతి శిల్పి దీనికి ఎదురుదారి పట్టాడు. మహాస్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె పైవరసలో, మనుషులు భుజాన మోసే పొడవాటి పూలదండ మకరం నోట్లోంచి బయలుదేరుతుంది. ఆ రాళ్లు ఇప్పుడు ఎక్కువగా చెన్నై మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మకరానికి దవడ మొసలిదే గానీ మూతి కొస ఏనుగు తొండమై పైకి చుట్టుకుంటుంది. ఇక నోరు మూయించే ప్రసక్తే లేదు, మూస్తే దండ ఎక్కడి నుంచి రావాలి? శిల్పంగా దానికి వంక పెట్టలేం. ఏ జాతి మొసలిని చూసి చెక్కాడో మాత్రం ఆ నోరు చెప్పదు.

మగ్గర్‌ను ఎలిగేటర్ నుంచి విడదీయడం ఒక ఎత్తు, ఉప్పునీటి మొసలి నుంచి విడదీయడం మరో ఎత్తు. రెండూ క్రొకడైల్సే, రెండిటికీ గాడి ఉంది. ఉప్పునీటి మొసలి మన దేశంలో ఇప్పుడు భితర్‌కనిక, సుందర్‌బన్స్, అండమాన్ నికోబార్ దీవులకే పరిమితం. నాగాయలంక దిగువన మడ అడవులు చూస్తే దానికి తగ్గ చోటే కదా అనిపిస్తుంది. ఈ రెండిటి తేడా పట్టించేది మెడ. మగ్గర్ తల వెనకే నాలుగు పెద్ద పొలుసులు అడ్డంగా వరస కట్టి ఉంటాయి. కాస్త ఎడం విడిచి మెడ మీద నాలుగు పలకలు చతురస్రంగా, వాటికి చెరోపక్క ఒకటి. ఉప్పునీటి మొసలికి మొదటి వరస సాధారణంగా ఉండదు. దానికి బదులు కళ్ల ముందు నుంచి ముట్టె మీదుగా రెండు గట్లు సాగుతాయి.

మన దేశంలోని మరో మొసలి రకం ఘరియాల్‌తో ఈ తంటా లేదు. 100కి పైగా సూది పళ్లు, సన్నటి పొడుగు ముట్టె, ఎదిగిన మగదాని ముక్కు మీద ఉబ్బెత్తు బుడిపె. చూపు ఆననివాళ్లూ గుర్తుపట్టేస్తారు. పైగా కృష్ణ దాని నది కాదు.

అన్నిటికంటే సన్నని పని చర్మం మీద ఉంది. మగ్గర్ పొట్ట పొలుసును దగ్గరగా చూస్తే వెనక అంచు దాపున చిన్న చుక్క కనిపిస్తుంది. అది నీటి కదలికను పసిగట్టే ఇంద్రియం. 2002లో డాఫ్నీ సోరెస్ అనే పరిశోధకురాలు ఎలిగేటర్లను చీకట్లో ఉంచి నీటిలో ఒక్క బొట్టు వేసి చూశారు. అవి బొట్టు పడ్డ వైపు తిరిగాయి. దవడల మీది చుక్కలను కప్పేస్తే తిరగలేదు. ఎలిగేటర్‌కు, కేమన్‌కు ఈ చుక్కలు దవడల చుట్టూ మాత్రమే ఉంటాయి. క్రొకడైల్‌కు దాదాపు ఒంటి మీది ప్రతి పొలుసుకూ ఉంటాయి. తోలు వ్యాపారులు బ్యాగు చూసి ఏ జంతువుదో చెప్పేది ఈ చుక్కను బట్టే. కేమన్ పొట్ట పొలుసుల్లో ఎముక బిళ్లలుంటాయి, అందుకే ఆ తోలు చవక.

ఈ తోలు మోజే మన మొసళ్ల కొంప తీసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో ఐక్యరాజ్య సమితి సాయంతో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నీళ్లలోకి వదలడం అందులో ముఖ్యమైన పని. వదిలే ముందు తోక మీది పొలుసులు కొన్ని కత్తిరించి గుర్తు పెట్టేవారు. ఆ పథకానికి మనుషులను తయారుచేసే శిక్షణ సంస్థ హైదరాబాద్‌లో నడిచింది.

వరద నీటితో పాటు కొట్టుకొచ్చిన మొసలి ఏ లంక ఒడ్డునో కనబడితే కోర చూద్దామని దగ్గరికి పోకండి. దూరం నుంచే ఫోన్ కెమెరా జూమ్ చేసి తల వెనక చూడండి. నాలుగు పొలుసుల వరస ఉంటే మగ్గర్. అటవీ శాఖకు ఫోన్ చేసినప్పుడు ఆ ముక్క కూడా చెబితే వచ్చేవాళ్లకు పనికొస్తుంది.