టీకాలో వాహకం

టీకా అనగానే ప్రతిజనకం గురించే, అంటే శరీరం పరాయిదిగా గుర్తించే క్రిమి భాగం గురించే మాట్లాడుకుంటారు గానీ, దాన్ని రోగనిరోధక కణాల దాకా చేర్చే వాహకం ఊసు అరుదుగా వినిపిస్తుంది. రోగి సొంత రోగనిరోధక శక్తినే కణితి మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ కోసం పరిశోధకులు పరీక్షిస్తున్న వాహకాల్లో పీఎల్‌జీఏ ముఖ్యమైనది. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలు గొలుసుగా అల్లుకున్న ఈ పాలిమర్, ఒంట్లోని నీటికి మెల్లగా తెగి మళ్లీ ఆ ఆమ్లాలుగానే మారిపోతుంది. ఆపరేషన్లలో వాడే కరిగే కుట్టుదారాల్లో కొన్ని ఈ కుటుంబానివే. ప్రతిజనకాన్ని ఇందులో పొదిగి సూక్ష్మ గుళికలుగా చేస్తే, 1973లో రాల్ఫ్ స్టైన్‌మాన్, జాన్విల్ కోన్ వర్ణించిన డెండ్రైటిక్ కణాలు వాటిని మింగి, ముక్కలు చేసి, శోషరస గ్రంథుల్లోని టీ కణాలకు చూపిస్తాయి.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీలో ఈ పాత్రలు తారుమారయ్యాయి. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటిని కప్పి ఉండే వీఐ అనే పదార్థం చక్కెర అణువుల పాలిమర్. దాన్ని ఒంటరిగా ఇస్తే టీ కణాలు కదలవు కనుక, రెండేళ్లలోపు పిల్లల్లో రక్షణ సరిగా ఏర్పడదు. విషగుణం తీసేసిన ధనుర్వాత ప్రోటీన్‌కు దాన్ని అతికిస్తే, వీఐని పట్టుకున్న బీ కణం రెండింటినీ కలిపి మింగి, ప్రోటీన్ ముక్కలు చూపించి టీ కణం సాయం రాబట్టుకుంటుంది. అంటే ఇక్కడ పాలిమర్ ప్రయాణికురాలు, ప్రోటీన్ వాహకం. శాస్త్రవేత్తలు ఎవరీ, గోబెల్ 1929లోనే చూపిన ఈ ఉపాయం పాతదే అయినా, 2013లో భారత్‌లో అనుమతి, 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన ఈ టీకా ఆరు నెలల పసివాళ్లకూ ఇవ్వదగినదైంది. నేపాల్ పిల్లలపై జరిగిన పరీక్షలో, 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, సుమారు 82 శాతం రక్షణ ఇచ్చింది.

కలుషిత నీటి ద్వారా వ్యాపించే ఈ జ్వరం ఆంధ్రప్రదేశ్‌లోని నర్సీపట్నానికి, దాని ఎగువనున్న మన్యానికి పరాయిది కాదు. అక్కడికి చేర్చేదాకా టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టిన సీసాను పారేయాలి.

టైఫాయిడ్ టీకాకు దొరికినంత స్థిరమైన దారి పీఎల్‌జీఏ గుళికలకు ఇంకా దొరకలేదు. తయారీలో వాడే ద్రావకాలు, గుళిక కరిగేటప్పుడు లోపల పేరుకునే ఆమ్లం, మోసుకెళ్లాల్సిన ప్రోటీన్‌నే పాడుచేయగలవు. పైగా గుళికలన్నీ ప్రతిసారీ ఒకే పరిమాణంలో రావడం కష్టం. ప్రయోగశాలలో ఎలుకలపై వచ్చిన మంచి ఫలితాలకు పత్రికలు ఇచ్చే శీర్షికల్లో ఈ ఫ్యాక్టరీ చిక్కులకు చోటు దక్కదు గానీ, ఆలస్యానికి చాలావరకు కారణం అవే.