వరి చుట్టాలు

ఆమధ్య నా కథ ఒకటి ఇంగ్లీషులోకి వెళ్లింది. అచ్చులో చూసుకుని మురిసిపోయి, నిడమనూరు వెళ్లినప్పుడు మా మేనత్తకు చదివి అర్థం చెప్పాను. కథలో కోడలు వాకిట్లో వడ్లు ఎండబోస్తుంది, బియ్యం చెరుగుతుంది, పొద్దుపోయాక ఇంత అన్నం తింటుంది. అనువదించినాయన మూడుచోట్లా "రైస్" అనే రాశాడు. అత్తమ్మ బుగ్గన వేలేసుకుంది.

"అదేంది బిడ్డా! వడ్లకూ బియ్యానికీ బువ్వకూ ఒక్కటే పేరా? మరి దంచిందెవరు, చెరిగిందెవరు, వండిందెవరు?"

చెప్పొద్దూ, ఇంత సూటి విమర్శ నాకు ఇన్నేళ్లలో ఏ విమర్శకుడి నుంచీ రాలేదు.

ఇంటికొచ్చి ఆ "రైస్" పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. చూద్దును గదా, అది మన వరికి దూరపు చుట్టంలాగే ఉంది! ఇంగ్లీషు రైస్, ఇటాలియన్ రీసో, ఫ్రెంచి రీ, అన్నీ గ్రీకుల ఓరుజా సంతానం. స్పెయిన్ వాళ్ల అర్రోస్ మాత్రం అరబ్బుల దగ్గర్నుంచి వచ్చింది. అరబ్బీలో మాటకు ముందుండే "అల్" కూడా, పెళ్లికూతురి వెంట తోడుపెళ్లికూతురులా, దానికి అతుక్కునే వెళ్లింది. పారశీకంలో బిరింజ్, సంస్కృతంలో వ్రీహి, తమిళంలో అరిసి, తెలుగులో వరి. సంస్కృతం, పారశీకం, గ్రీకు ఒక కుటుంబం. తెలుగు, తమిళం వేరే ఇల్లు. అరబ్బీ ఇంకో ఇల్లు. ఇళ్లు మూడైనా గింజ ఒక్కటే.

ఇక్కడే మనవాళ్లకు హుషారెక్కువ. గ్రీకు మాట తమిళ అరిసి నుంచే పోయిందని చాలామంది రాశారు. ఇప్పటి భాషావేత్తల్లో ఎక్కువమంది అది ఇరాన్ మీదుగా వెళ్లిందంటారు. వ్రీహి ఋగ్వేదంలో లేదు, అథర్వవేదంలో ఉంది. ఎవరు ఎవరికి అరువిచ్చారన్న తగువు ఇంకా తెగలేదు.

మడగాస్కర్ దీవిలో వరిని "వారీ" అంటారు. చదవగానే నేనూ ఎగిరి గంతేశాను. తీరా చూస్తే ఆ భాష సముద్రం దాటి బోర్నియో నుంచి వచ్చింది. చుట్టాలను ముందు అక్కడ వెదకాలి. మలయ్ భాషలో బియ్యం "బెరస్". ఆస్ట్రేలియాలో మ్బబరం అనే ఆదివాసీ భాషలో కుక్కను "డాగ్" అనేవారు. ఇంగ్లీషుకూ దానికీ ఏ సంబంధమూ లేదు! ముఖాలు కలిసినంత మాత్రాన అక్కచెల్లెళ్లయిపోరు.

సరే, మాట ఎవరిదైతేనేం? నా బాధ వేరు. వడ్లకు ఇంగ్లీషులో "పాడీ" ఉంది. అదీ మలయ్ నుంచి తెచ్చుకున్నదే. అది వాడినా ఒక మెట్టు మిగిలేది. వడ్లకూ బియ్యానికీ నడుమ రోకలి ఉంది. బియ్యానికీ అన్నానికీ నడుమ పొయ్యి ఉంది. ఆ మూడు మాటలనూ ఒకటి చేస్తే మధ్యలో నిలబడ్డ ఆడదే మాయమైపోతుంది. నా కథంతా ఆమె గురించే కదా!

అత్తమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఇంట్లో రోజూ జొన్న గటకే, వరన్నం పండక్కే. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పొలాలకు చేరాకే రోజూ బువ్వ. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని రోకలిపోటూ తప్పింది. కానీ ఆమెకు వడ్లంటే ఈనాటికీ ఒట్టి మాట కాదు, భుజం నొప్పి.

అనువదించినాయనకు ఉత్తరం రాశాను. ఓరుజాను అన్ని దేశాలవాళ్లూ అరిగించుకున్నారు కదా, ఈసారి వడ్లు, బియ్యం, బువ్వ అనే ఉంచండి, ఇంగ్లీషువాళ్లకూ అరుగుతాయని. జవాబు ఇంకా రాలేదు. అత్తమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది: "ఏమంటడు బిడ్డా? బియ్యం ఎవరు దంచిన్రో కనుక్కున్నడా?"