రాతికి ఎరుక ఉన్నదా?

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరాలలో గ్రానైటు గుట్టలు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గ్రానైటులో ఉండే పలుగురాయి స్ఫటికాన్ని తగిన దిశలో నొక్కితే దాని ముఖాలపై విద్యుదావేశం పుడుతుంది. ఈ ధర్మాన్ని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. అయితే ఆ నొక్కుడు రాతికి తెలిసినదని అనవచ్చునా?

తెలిసి ఉండవచ్చునని చెప్పే తత్త్వవేత్తలు ఉన్నారు. మూలకణాలలోనే లేశమాత్రంగా ఎరుక ఉన్నదనే సిద్ధాంతాన్ని సర్వచైతన్యవాదమంటారు. గేలెన్ స్ట్రాసన్ 2006లోను, ఫిలిప్ గాఫ్ 2019లోను దీనిని గట్టిగా సమర్థించినారు. భౌతికశాస్త్రం ఎలక్ట్రాన్ ఏమి చేస్తుందో చెబుతుంది గాని, అది స్వయంగా ఏమిటో చెప్పదు. ఎరుక లేని కణాలు ఎన్ని కూడినా ఎరుక పుట్టదు. కనుక అది మొదటినుంచీ ఉండవలె. ఇదీ వారి తర్కం. దీనిని తేలికగా త్రోసివేయరాదు. మెదడులోని విద్యుత్ ప్రవాహం నొప్పిగా ఎందుకు అనుభవానికి వస్తుందో ఇంతవరకు ఎవరూ వివరించలేదు.

ఈ వాదానికి జగదీశ్ చంద్ర బోసు ప్రయోగాలను సాక్ష్యంగా తెచ్చేవారు కలరు. లోహపు తీగలు కూడ కండరాలవలె ప్రేరణకు స్పందిస్తాయనీ, అలసిపోతాయనీ, విషం తగిలితే వాటి స్పందన నశిస్తుందనీ ఆయన 1902 నాటి గ్రంథంలో చూపినారు. కాని ఆయన పరికరం కొలిచినది విద్యుత్ స్పందనను, ఎరుకను కాదు. స్పందించడం వేరు, తెలియడం వేరు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనస్తత్త్వ, పరామనస్తత్త్వ శాస్త్రాల శాఖను నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు (1932–2021) వేరొక మార్గం పట్టినారు. సాంఖ్య, యోగ దర్శనాల ననుసరించి ఆయన మనస్సును, చైతన్యాన్ని విడదీసినారు. ఆ దర్శనాల ప్రకారం మనస్సు ప్రకృతిలోనిది; చైతన్యం దానికి వేరు. ఈ విభజన ఆలోచనకు స్పష్టత నిస్తుంది. అయినా, రెండూ వేరైతే ఒకదానితో ఒకటి ఎట్లా కలుస్తాయన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

సర్వచైతన్యవాదపు అసలు లోపం కూడికలో ఉన్నది. గుట్టను కంకరగా కొడితే ఒక ఎరుక వేయి ముక్కలవుతుందా? కణాల చిన్న ఎరుకలు కలిసి ఒక మనిషి "నేను" ఎట్లా అయినవి? విలియం జేమ్స్ 1890లోనే ఈ చిక్కును చూపినాడు. మరొక సంగతి. శస్త్రచికిత్సకు మత్తుమందిచ్చినప్పుడు తలలోని కణాలు ఎక్కడికీ పోవు. నాడీకణాల మధ్య సాగే వ్యవహారం మారుతుంది, ఎరుక పోతుంది. కణాలకు అప్పుడు కూడ ఎరుక ఉన్నదంటే, దానిని కనుగొనే ఉపాయం ఆ వాదులే చెప్పవలె.

తరగతిలో విద్యార్థి ఈ ప్రశ్న అడిగితే ఉపాధ్యాయుడు నవ్వి ఊరుకోరాదు, "విజ్ఞానశాస్త్రం రుజువు చేసింది" అనీ చెప్పరాదు. పలుగురాయి స్పందన ప్రయోగం నిలబెట్టిన సత్యం. రాతి ఎరుక నేటికీ ఒక తాత్త్వికమైన ఊహ. ఈ రెంటికీ గల భేదం విద్యార్థికి తెలియజెప్పడమే తగిన సమాధానం.