ఫోర్ వీల్ పట్టనప్పుడు

పికప్ ట్రక్కులోని ఎలక్ట్రానిక్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో పాత జీపుల లీవరు పనిని ఒక చిన్న మోటారు చేస్తుంది. డ్రైవరు నాబ్‌ను 2హెచ్ (టూ వీల్) నుంచి 4హెచ్ (ఫోర్ వీల్)కు తిప్పగానే కంట్రోల్ యూనిట్, ముందు చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీది మోటారుకు కరెంటు పంపుతుంది. మోటారు లోపలి ఫోర్కును జరుపుతుంది. జరిగిందో లేదో పొజిషన్ సెన్సర్ తిరిగి కబురు చెబుతుంది. చాలా బళ్లలో ముందు ఇరుసు దగ్గర కూడా ఒక కలపు ఉంటుంది. దాన్ని కొన్నిట్లో మోటారు, కొన్నిట్లో వాక్యూమ్ నడుపుతుంది. ఈ అంచెల్లో ఏది తప్పినా మీటరులో దీపం మిణుకుతూనే ఉంటుంది.

లీవరు జీపులు మన దేశానికి 1940ల్లోనే వచ్చాయి. నాబ్ తరం కూడా మనకు పరాయిది కాదు. ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ 2016 నుంచి తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతోంది.

పనితనం తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ముందు స్పానర్ పట్టడు, టైర్లు చూస్తాడు. ఈ రకం బళ్లలో ముందు వెనకల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి అయినా, పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడిపినా షాఫ్టులు బిగుసుకుపోతాయి. అప్పుడు నాబ్ వెనక్కి తిప్పినా ఫోర్ వీల్ వదలదు. అది ఎలక్ట్రికల్ లోపం కానే కాదు. బండిని నాలుగు గజాలు తిన్నగా రివర్స్ చేస్తే చాలాసార్లు వదిలేస్తుంది. ఇది తెలియక మోటారు విప్పేసిన షెడ్లు ఎన్నో!

తర్వాత బ్యాటరీ. ఇంజన్ ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు దాదాపు 14 ఉండాలి. వోల్టేజీ తగ్గితే మోటారు సగంలో నిలిచిపోతుంది.

ఆ పైన లోపాన్ని రెండుగా చీల్చే పరీక్ష ఒకటుంది. దాని అందం చూసి తీరాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, స్టాండ్ల మీద నిలిపి, 4హెచ్‌లో పెట్టి, గేరు వేసి ఇంజన్ ఆపుతారు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ చేతితో గిరగిరా తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టలేదు. షాఫ్ట్ బిగిసి ఉంటే ఒక ముందు చక్రాన్ని తిప్పుతారు. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే ఇరుసు పట్టినట్టే. తిప్పిన చక్రం ఒక్కటే తిరిగితే తప్పు ఇరుసు దగ్గరి కలపుది. స్కానర్ లేదు, ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని.

ఇక వైరింగ్. కప్లర్ విప్పగానే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుం కనిపిస్తే సగం కథ తెలిసినట్టే. బురదలో, నీళ్లలో తిరిగే బండికి అదే పెద్ద శత్రువు. అసలు నేర్పు చిలుం కనిపించని చోట ఉంటుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తుంది. అదే చోట హెడ్‌లైట్ బల్బు తగిలిస్తే మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. బరువు మోపితేగానీ వైరు సత్తా తెలియదని పాత ఎలక్ట్రీషియన్లు టెస్ట్ ల్యాంపు వదలనిది ఇందుకే. అయితే సెన్సర్ వైర్లకు మాత్రం వాళ్లు బల్బు తగలనివ్వరు, అక్కడ మీటరే వాడతారు. ఎర్త్ చూడాలంటే మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోదాన్ని మోటారు ఎర్త్‌కు పెట్టి నాబ్ తిప్పిస్తారు. 0.2 వోల్టులు మించితే ఎర్త్ గీకి బిగించాల్సిందే. ఇదే వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే విజయవాడ ఆటోనగర్‌లో మోటారుకు కరెంటు వదిలే రిలే టక్కుమనగానే లోపం ఏ వైపుందో చెప్పగల చెవులున్నాయి. ఆ విద్యకు సాటి లేదు.

వాక్యూమ్ బళ్ల తీరు వేరు. అమెరికాలో 2004 నుంచి చాలా ఏళ్లు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150ల్లో వాక్యూమ్ ఉన్నంతసేపు ముందు హబ్బులు విడిగా ఉంటాయి. గొట్టం చిట్లితే అవి అరకొరగా కలిసి, టూ వీల్‌లో ఉన్నా కరకరమంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వాక్యూమ్ పడిపోతుంది కనుక చప్పుడు అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క ఆనవాలుతో గొట్టాన్ని పట్టుకునేవాడే మేస్త్రీ.

ఇంత విద్యను ఇప్పుడు నకిలీ స్కానర్లు మింగేస్తున్నాయి. కోడ్ చదవడం, మోటారు మార్చడం, బిల్లు రాయడం, అంతే. షెవర్లే సిల్వరాడోలో సీ0327 వస్తే ఎన్‌కోడర్ (పొజిషన్ సెన్సర్) సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. సర్క్యూట్ అంటే మోటారే కాదు, వైరు, కప్లర్, ఎర్త్ అన్నీ. కొత్త మోటారు వేశాక అదే కోడ్ మళ్లీ వస్తే, ఈసారి కంట్రోల్ యూనిట్ పోయిందంటారు! దీన్ని రిపేరు అనడం అన్యాయం. పైగా ఒరిజినల్ పెట్టెలో డూప్లికేట్ మోటారు. దాని సీలు మొదటి వానకే నీళ్లు పీలుస్తుంది. నేర్చినవాడికి పని తగ్గి, మార్చేవాడికి గిరాకీ పెరగడం చూస్తే కడుపు మండుతుంది.

ఐటీఐల్లో కోడ్ చదవడం కంటే ముందు వోల్టేజ్ డ్రాప్ పరీక్ష నేర్పాలి. బండి యజమానులు కూడా మోటారు మార్చమనే ముందు కప్లర్ దగ్గర బరువు మీద ఎన్ని వోల్టులు వచ్చాయో అడిగి, ఆ అంకెను బిల్లు మీద రాయించుకోవాలి. చెప్పలేని షెడ్డులో బండి వదలకండి.