పసుపు అణువుకు దిద్దిన మెరుగులు

ఆకివీడు ఇళ్లలో కొల్లేటి చేప ముక్కలకు పట్టించే పసుపుకు ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్ అనే అణువు. దాన్ని స్పిరిట్‌లో కరిగించి అతినీలలోహిత దీపం కింద పెడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. రెండు చివర్లా రెండు వలయాలు, నడుమ ఏడు కార్బన్ల గొలుసు. పొడుగ్గా, బల్లపరుపుగా ఉంటుంది.

అల్జీమర్స్ మెదడులో అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ తునకలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పోగులవుతాయి. తునకకూ తునకకూ ఎడం అర నానోమీటరు కూడా ఉండదు. ఆ పోగుల పొడవునా ఉండే సన్నని గాడుల్లో, తాళంలో తాళంచెవి దూరినట్టు, కర్క్యుమిన్ ఇముడుతుంది. అది ఎలుకల మెదడులో ఈ పోగులు కట్టిన మచ్చలకు అంటుకుంటుందని 2005లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపారు. పసుపు తింటే జబ్బు కనబడుతుందని మాత్రం అనుకోకూడదు. కర్క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, నీళ్లలో త్వరగా విరిగిపోతుంది. పైగా దాని ఆకుపచ్చ వెలుగును రక్తం మింగేస్తుంది, కణజాలం చెదరగొడుతుంది. చిట్టెలుక కపాలం దాటి బయటికొచ్చేది సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతి. అక్కడ రక్తమూ నీరూ రెండూ తక్కువే పీల్చుకుంటాయి.

2009లో బోస్టన్‌లో చోంగ్‌జావో రాన్, అన్నా మూర్ బృందం చేసిన పని నాకు అబ్బురం. గొలుసు నడుమ రెండు ఆక్సిజన్లు పంచుకునే హైడ్రోజన్‌ను తీసేసి, ఆ చోట రెండు ఫ్లోరిన్లున్న బోరాన్‌ను బిగించారు. చివరి వలయాల మీది హైడ్రాక్సిల్ స్థానంలో డైమిథైల్ అమైనోలు పెట్టారు. చివర్లు ఎలక్ట్రాన్లను తోస్తాయి, నడుమ బోరాన్ లాగుతుంది. అంత తేలిగ్గా కదిలే ఎలక్ట్రాన్లకు తక్కువ శక్తి కాంతి చాలు. అందుకే వెలుగు పరారుణం అంచుకు జరిగింది. దీనికి క్రానాడ్-2 అని పేరు.

దీనిలో అందమైన సంగతి మరొకటుంది. విడిగా ఉన్నప్పుడు 805 నానోమీటర్ల దగ్గర మసకగా ఉండే ఈ అణువు, నీటి తాకిడి లేని అమిలాయిడ్ గాడిలోకి చేరగానే 715కు జరిగి 70 రెట్లు ప్రకాశిస్తుంది. రక్తనాళంలోకి ఎక్కిస్తే, నూనె గుణం ఉంది గనుక మెదడు కాపలా పొరను దాటి లోపలికి వెళుతుంది.

మనిషి కపాలం మందం, ఈ కాంతికి లొంగదు. అక్కడ రేడియోధార్మిక జాడలతో పెట్ స్కాన్ వాడతారు. చిట్టెలుకల్లో మాత్రం, ఒకే ప్రాణిని చంపకుండా నెలల తరబడి గమనించవచ్చు.

2015లో వచ్చిన క్రానాడ్-3లో చివరి వలయాలను పిరిడిన్ వలయాలుగా మార్చారు. అమిలాయిడ్‌తో హైడ్రోజన్ బంధాలు కుదరాలని ఒక్కో వలయంలో ఒక్క నత్రజని పరమాణువును ఇరికించడం అది. దానితో, గట్టి మచ్చలు కట్టకముందే, 4 నెలల వయసులోనే అల్జీమర్స్ ఎలుకలకూ మామూలు ఎలుకలకూ తేడా కనబడింది.